రోజూ వేసుకునే బట్టల మీద చేతికుట్టు: తరచుగా అడిగే ప్రశ్నలు

అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో ఇద్దరు, పెళ్ళిలో బంతి కోసం నిలబడ్డప్పుడు ఒకరు, రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి "ఏమే, ఆ కుర్తీ మీద పువ్వు నువ్వే కుట్టావట కదా" అంటూ మొదలుపెట్టే మా పిన్ని, అందరూ అడిగేవి దాదాపు ఇవే. చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది కాబట్టి ఒకచోట రాసి పడేస్తున్నా. నేను క్లాసులు చెప్పను, బొటీక్ లేదు, కుట్టేది నా కోసం, మహా అయితే ఇంట్లోవాళ్ళ కోసం. ఆ లెక్కలోనే చదువుకోండి.

ఇది మగ్గం వర్కేనా?

కాదండీ. మగ్గం వర్క్‌లో బట్టని పెద్ద చెక్క ఫ్రేముకి నాలుగువైపులా బిగించి, కొక్కెం ఉన్న సూదిని పైనుంచి గుచ్చుతూ, కింద రెండో చేత్తో దారం అందిస్తూ కుడతారు. జరీ, పూసలు, చమ్కీలు, కుందన్లు అన్నీ అందులో పడతాయి. పెళ్ళికూతురి జాకెట్టు అంటే అదీ. నేను చెప్పేది మామూలు సూది, బట్టని బిగించి చేత్తో పట్టుకునే చిన్న రింగు, నూలు దారంతో చేసే పని, అదీ వారానికి రెండుసార్లు ఉతికే బట్ట మీద. మగ్గం జాకెట్టు ముహూర్తానికైతే ఇది మంగళవారానికి.

రోజూ వేసుకునే బట్టకి అంత శ్రమ దేనికి? ఏ మంచి చీర మీదో కుట్టుకోవచ్చు కదా?

కుట్టాను. నా మొదటి పెద్ద పని ఒక మంచి చీరే, కొంగు నిండా మల్లెతీగ, నాలుగు నెలలు పట్టింది. ఇప్పటికి రెండుసార్లు కట్టాను. రెండుసార్లూ "జాగ్రత్త, సాంబారు" అన్న టెన్షన్ తోనే భోజనానికి కూర్చున్నా. తర్వాత ఎప్పుడో కరెంటు పోయిన ఒక సాయంత్రం ఊసుపోక నైటీ చేతి అంచు మీద మూడు వేపాకులు కుట్టాను, పట్టుమని గంట కూడా పట్టలేదు. ఆ ఆకుల్ని రోజూ పొద్దున కాఫీ కలుపుతూ చూసుకునేదాన్ని, చేయి చాపినప్పుడల్లా కళ్ళ ముందే ఉండేవి. చీర మీది మల్లెతీగ బీరువాలో కలరా ఉండల పక్కన ఉంది. ఇంతకంటే నాకు వేరే కారణం లేదు.

పైగా ఇదేదో కొత్త ఫ్యాషన్ కాదు. రోజువారీ బట్టల్ని కుట్టుతో నింపడం మన దగ్గర లంబాడీ ఆడవాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పేటియా, కాంచళి, టుక్రీ, అంటే లంగా, రవిక, తల మీది ముసుగు, మూడింటి మీదా అద్దాలు, గవ్వలు, రంగు దారాలు. అవి పండక్కి దాచుకున్న బట్టలు కావు, వాటితోనే పొలం పనికి వెళ్ళేవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు. ఇప్పుడు తండాల్లో కూడా చిన్నపిల్లలు పండగకో పెళ్ళికో తప్ప వేసుకోవడం తగ్గింది కానీ, కాస్త పెద్దావిడ ఎవరైనా బస్సులో పక్కన కూర్చుంటే ఆ రవిక మీది కుట్లు ఒకసారి దగ్గరగా చూడండి. చూసేముందు ఆమెతో ఒక మాట కలపండి, ఊరికే గుడ్లప్పగించి చూస్తే బాగుండదు.

మన అమ్మల తరం కూడా కుట్టారు, కాకపోతే దిండు గలీబుల మీద, రేడియో కవర్ల మీద, గళ్ళుగళ్ళుగా నేసిన మ్యాటీ క్లాత్ మీద. ఎదురెదురుగా రెండు చిలకలు, కింద స్వీట్ డ్రీమ్స్ అని ఇంగ్లీషులో. మా ఇంట్లో ఆ దిండు చుట్టాలకే వేసేవాళ్ళు, పొద్దున్నే లేస్తే మా మామయ్య చెంప మీద చిలక ముక్కు అచ్చుపడి ఉండేది.

మొదలుపెట్టడానికి ఏమేం కొనాలి?

చాలా తక్కువ. మీ ఊళ్ళో మ్యాచింగ్ సెంటర్‌లోనో లేసుల కొట్లోనో దొరికేవే అన్నీ. ఎంబ్రాయిడరీ సూదులని అడగండి, మామూలు సూదికంటే బెజ్జం పొడుగ్గా ఉంటుంది, రెండు మూడు పోగులు హాయిగా దూరతాయి. సూది నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది, ఇది గుర్తుపెట్టుకోండి, చాలామంది తిరగేసి అనుకుంటారు. 7 లేదా 8 నంబరు రోజువారీ పనికి సరిపోతుంది.

దారం నూలుదే తీసుకోండి. యాంకర్ లాంటివి ఒక్కో చుట్ట 8 మీటర్లు ఉంటుంది, ఆరు పోగులు కలిసి ఉంటాయి. మెరిసే సిల్కు దారం కొట్లో చూడ్డానికి బాగుంటుంది, చేతిలోకొచ్చాక పోగులు లేచిపోతుంది, రోజూ ఉతికే బట్టకి ఆగదు. మొదటిసారి ఆరు రంగులు చాలు. రెండు ఆకుపచ్చలు, ఒక పసుపు, ఒక ఎరుపు, ఒక తెలుపు, ఆరోది మీకు పిచ్చిగా నచ్చింది ఏదైనా. దారం చుట్ట మీది కాగితంలో రంగు నంబరుంటుంది, అది చింపి పారేయకండి, సగం ఆకు కుట్టాక దారం అయిపోతే కొట్లో ఆ నంబరు చెప్పడం తప్ప దిక్కులేదు.

రింగు 5 అంగుళాలో 6 అంగుళాలో. లోపలి రింగుకి పాత నూలు చీర పీలిక చుట్టి కొస కుట్టేయండి, బట్ట జారదు, గుర్తు కూడా తక్కువ పడుతుంది. రాత్రి పని ఆపేటప్పుడు రింగు తీసేసి పడుకోండి. వారం రోజులు బిగించి వదిలేస్తే ఆ గుండ్రటి మడత ఇస్త్రీకి కూడా లొంగదు.

చిన్న కత్తెర, పదునుది. దాంతో కాగితాలు కత్తిరించిన పిల్లల్ని నేను క్షమించను.

డబ్బాలో యాభై రంగులు, పాతిక సూదులు పెట్టి అమ్మే కిట్లు ఆన్‌లైన్లో చవగ్గా కనిపిస్తాయి. వద్దు. వాటి దారాల్లో కొన్ని మొదటి ఉతుకుకే రంగు దిగుతాయి.

ఏ బట్ట మీద మొదలుపెడితే మంచిది?

నూలు, కాస్త చిక్కటి నేత. మంగళగిరి కాటన్ బ్రహ్మాండంగా ఉంటుంది, ఖద్దరు ఇంకా బాగుంటుంది, సూది దిగుతుంటే చేతికే తెలుస్తుంది. పాత కాటన్ చొక్కాలు, బాగా ఉతికి మెత్తబడ్డ కుర్తీలు, చున్నీలు, అన్నీ పనికొస్తాయి. జార్జెట్, షిఫాన్ జోలికి మొదట్లోనే వెళ్ళకండి, దారం లాగితే బట్టంతా కుంచించుకుపోతుంది.

కొత్త బట్టైతే ముందు ఒకసారి, వీలైతే రెండుసార్లు ఉతికి ఆరేయండి. నూలుబట్ట మొదటి ఉతుకులో కుదుచుకుంటుంది, దారం దానితోపాటు కుదుచుకోదు. నేను ఒక కొత్త కుర్తీ మీద తొందరపడి పెద్ద మందారం కుట్టేశాను, ఉతికాక అది ఎండలో మర్చిపోయిన వడియంలా తయారైంది.

ఇంకో మాట, బట్ట సైజు సరిచేయించడాలు, పక్కలు బిగించడాలు ఏమున్నా అవన్నీ అయ్యాకే కుట్టండి. ఒక టైలర్‌కి తీగ కుట్టిన కుర్తీ ఇచ్చి పక్కలు కొంచెం లోపలికి తీయమంటే, పాపం ఆయన చెప్పినట్టే తీశాడు, తీగతో సహా. కత్తిరించిన ముక్కని కవర్లో పెట్టి మరీ ఇచ్చాడు.

నాకు బొమ్మలు గీయడం అస్సలు రాదు. ఎలా?

నాకూ రాదు. దీనికి నేను కనిపెట్టిన దొంగదారి ఏంటంటే అచ్చుబట్ట. పెడన కలంకారీ బట్ట తీసుకోండి, చెక్క అచ్చులతో వేస్తారు కదా, పువ్వులు, తీగలు, ఆకులు అన్నీ దాని మీదే ఉంటాయి. మీరు చేయాల్సిందల్లా ఒక్క పువ్వు ఎంచుకుని దాని అంచు వెంట కుట్టుకుంటూ పోవడం. గీత ఎలాగూ అచ్చుది, అక్కడక్కడ కుట్టు పక్కకి జరిగినా ఎవరికీ తెలియదు. బట్టంతా కుట్టకండి, కుర్తీ మొత్తంలో మెడ దగ్గర మూడు పువ్వులకి మాత్రం దారం ఎక్కిస్తే, దగ్గరికొచ్చినవాళ్ళు "ఇదేంటి, ఈ పువ్వు లేచినట్టుంది" అని వేలితో తడిమి చూస్తారు. శ్రీకాళహస్తి వాళ్ళు కలంతో గీసే కలంకారీ మీద మాత్రం సూది పెట్టకండి, అప్పటికే అది ఒకరి చేతిపని.

రెండో దారి ముగ్గులు. చుక్కల ముగ్గు వచ్చినవాళ్ళకి బొమ్మ రాదనడం ఒప్పుకోను. గళ్ళ బట్ట ఉంటే గళ్ళ మూలల్నే చుక్కలనుకోండి, కొలవక్కర్లేదు, గీయక్కర్లేదు. మా ఆయన పాత గళ్ళ లుంగీతో కుట్టిన సంచి మీద ఐదు చుక్కల ముగ్గు వేశాను, అదే ఇప్పుడు రైతుబజారుకి వెళ్ళే సంచి.

మూడోది, వంటిల్లు. పచ్చిమిరపకాయ, బెండకాయ అడ్డకోత, కరివేపాకు రెమ్మ. కరివేపాకు రెమ్మ అయితే అసలు ఒకే కుట్టు, అటొకటి ఇటొకటి లేజీ డేజీ, అంటే దారాన్ని ఉచ్చులా వేసి కొసని చిన్న కుట్టుతో ఆపే రేకు కుట్టు, వేసుకుంటూ పోవడమే.

గీసిన డిజైన్ బట్ట మీదకి ఎక్కించేదెలా?

లేత రంగు, పల్చటి బట్టైతే పగలు కిటికీ అద్దానికి కాగితం, దాని మీద బట్ట ఆనించి పెన్సిల్‌తో గీసేయండి. ముదురు రంగుకి టైలరింగ్ సామాన్ల కొట్లో పసుపు, తెలుపు కార్బన్ కాగితాలు అమ్ముతారు, అవి వాడండి. మగ్గం పనివాళ్ళు ట్రేసింగ్ పేపర్ మీద గీత వెంట సూదితో బెజ్జాలు పొడిచి, కిరసనాయిల్లో జింకు పొడి కలిపి గుడ్డతో రుద్దుతారు, గీత చుక్కలు చుక్కలుగా దిగుతుంది. ఒకే డిజైన్ పదిసార్లు వేయాలంటే దాన్ని మించిన పద్ధతి లేదు కానీ ఒక్క ఆకు కోసం ఇల్లంతా కిరసనాయిలు వాసన అవసరమా అని.

చేయకూడని పని ఒకటుంది. ఆఫీసుల్లో రసీదు పుస్తకాలకి వాడే నీలం కార్బన్ కాగితం. నేను తెల్ల కుర్తీ మీద దాంతో నెమలి దింపాను. నెమలి సగంలో విసుగొచ్చి మానేశాను, నీలం గీతలు మాత్రం నాలుగేళ్ళ తర్వాత కూడా ఉన్నాయి.

వేడికి మాయమయ్యే పెన్నులు ఇప్పుడు బాగా వాడుతున్నారు, ఇస్త్రీ పెట్టె తగిలితే గీత పోతుంది. నిజమే, పోతుంది, కానీ బాగా చలి తగిలితే తిరిగొస్తుంది! మా చెల్లెలు మినియాపొలిస్‌లో ఉంటుంది, దానికి కుట్టి పంపిన చున్నీని జనవరిలో రాత్రంతా కారులో వదిలేసిందట, పొద్దున చూస్తే పువ్వుల చుట్టూ నేను గీసి కొట్టేసిన గీతలన్నీ హాజరు. "అక్కా, నీ రఫ్ వర్క్ కనిపిస్తోంది" అని ఫొటో పెట్టింది. అనుమానం ఉంటే ఒక పీలిక మీద గీసి, ఇస్త్రీ చేసి, ఫ్రీజర్లో పెట్టి చూడండి. విజయవాడ ఎండల్లో ఉండేవాళ్ళకి ఈ బాధ లేదులెండి.

ఎన్ని రకాల కుట్లు నేర్చుకోవాలి?

ఐదు. రన్నింగ్ అంటే సూదిని పైకీ కిందకీ దూరుస్తూ తిన్నగా పోయే కుట్టు, కాడ కుట్టు, గొలుసు కుట్టు, లేజీ డేజీ, ముడికుట్టు అంటే ఫ్రెంచ్ నాట్. యూట్యూబ్‌లో వంద కుట్లు చూపిస్తారు, చూడండి, తప్పు లేదు, కానీ నేను పదేళ్ళుగా ఈ ఐదింటితోనే బతుకుతున్నా. అసలు ఒక్క రన్నింగ్ కుట్టుతో బెంగాల్ ఆడవాళ్ళు పాత చీరలు పొరలుగా పేర్చి కాంతా దుప్పట్లు కుట్టారంటే ఇక మనకి ఎన్ని కావాలి చెప్పండి.

కాడ కుట్టు గురించి కొంచెం చెప్పాలి. ఎడమ నుంచి కుడికి వెళ్తూ, ఒక్కో కుట్టునీ ముందు కుట్టు సగం దగ్గర నుంచి మొదలుపెట్టాలి, తాడు పేనినట్టు వస్తుంది. దారం ఎప్పుడూ గీతకి ఒకేవైపు ఉండాలి, కిందైతే కిందే. మధ్యలో ఒక్కసారి పైకి మారిందంటే అక్కడ పేట విరిగినట్టు తెలిసిపోతుంది. వంపు దగ్గర కుట్టు చిన్నది చేయాలి, తిన్నగా ఉన్నచోట పెంచుకోవచ్చు.

ముడికుట్టు దగ్గర అందరూ ఏడుస్తారు. సూది పైకి తీశాక దారాన్ని ఎడమ చేత్తో బిగువుగా పట్టుకుని, సూది చుట్టూ ఒకటో రెండో చుట్లు వేసి, బయటికొచ్చిన బెజ్జంలో కాకుండా దానికి ఒక్క నూలుపోగు పక్కన గుచ్చాలి. అదే బెజ్జంలో గుచ్చితే ముడి మొత్తం కిందికి జారిపోయి, మీరు బట్ట తిప్పి "ఏదీ, ఎక్కడికెళ్ళింది" అని వెతుక్కుంటారు. సూది పూర్తిగా కిందికి దిగేదాకా ఎడమ చేతి బిగువు వదలకండి. మొదటి ఇరవై ముళ్ళు పాడవుతాయి. ఇరవై ఒకటోది ఆవగింజలా గుండ్రంగా కూర్చుంటుంది.

శాటిన్ కుట్టు ఆరోది అనుకోండి, దారాల్ని పక్కపక్కనే ఆనించి వేస్తూ ఆకుల్ని నింపడానికి. ఒక్కో కుట్టు సెంటీమీటర్ దాటితే గాజులకి, తాళాల గుత్తికి తగులుకుని లేచిపోతుంది, అందుకే రోజువారీ బట్ట మీద చిన్న ఆకులకే వాడండి.

ఎన్ని పోగులు వాడాలి? దారం ఊరికే చిక్కుపడుతోంది.

మామూలుగా రెండు పోగులు, లావుగా కనిపించాలంటే మూడు, జీన్స్ మీద నాలుగు. ఆరింటిలోంచి రెండు కావాలని రెండూ కలిపి లాగకండి, ఒక్కొక్కటే తీసి తర్వాత కలపండి. చిక్కు సగం అక్కడే తప్పుతుంది.

మిగతా సగం, దారం పొడవు. మూరెడు చాలు, వేలి కొస నుంచి మోచేతి దాకా. సూదికి మాటిమాటికీ దారం ఎక్కించే బద్ధకంతో బారెడు తీస్తాం, అది పురి ఎక్కి చిక్కుపడి, చివరికి ముడి విప్పడానికే అరగంట. మా అమ్మమ్మ అలా తీసేవాళ్ళని చూసి "పొడుగు దారం బద్ధకస్తురాలిది" అనేది. మధ్యమధ్యలో సూదిని దారంతో సహా వేలాడదీయండి, అదే గిరగిరా తిరిగి పురి వదిలేస్తుంది.

వెనకవైపు అంతా గజిబిజిగా ఉంది, సిగ్గుగా ఉంది.

పోటీలకి పంపుతున్నారా? లేదు కదా. వదిలేయండి.

కాకపోతే ఒంటికి తగిలే బట్ట కాబట్టి పెద్ద ముళ్ళు గుచ్చుకుంటాయి, దానికోసం ముడి లేకుండా మొదలుపెట్టే పద్ధతి ఒకటి నేర్చుకోండి. రెండు పోగులతో కుట్టాలంటే, రెండు మూరల ఒకే పోగు తీసుకుని మధ్యకి మడిచి, రెండు కొసలూ కలిపి సూదిలోకి ఎక్కించండి, అవతల మడత ఉచ్చులా ఉంటుంది. సూదిని కిందనుంచి పైకి తీసి, మళ్ళీ కిందికి దించినప్పుడు ఆ ఉచ్చులోంచి దూర్చి లాగితే బిగుసుకుంటుంది. చివర్లో వెనక ఉన్న నాలుగు కుట్ల కిందుగా సూది దూర్చి కత్తిరించేయడమే. ఒక పువ్వు నుంచి రెండంగుళాల అవతల ఉన్న ఇంకో పువ్వుకి దారాన్ని వెనకనుంచి అలా లాగేయకండి, వేసుకునేటప్పుడు వేలు తగులుకుని మొత్తం ఊడుతుంది. చంటిపిల్లల బట్టలైతే వెనక పల్చటి మల్లు గుడ్డ వేసి కుట్టేయండి, పూసలు, చమ్కీలు మాత్రం వాళ్ళ బట్టలకి వద్దే వద్దు, ఊడితే నోట్లో పెట్టుకుంటారు.

పసుపు మరక, చిన్న చిరుగు, ఇస్త్రీ కాలిన గుర్తు, వీటిని కుట్టుతో కప్పొచ్చా?

నిజం చెప్పాలంటే నా కుట్లలో సగం ఇవే. పసుపు మరక ఉన్నచోట పసుపు చామంతి, అంతే. మా ఇంట్లో నిమ్మరంగు కుర్తీ ఒకటి ఉండేది, ముద్దపప్పు పడింది, సబ్బు పెట్టగానే పసుపు కాస్తా ఎర్రగా మారింది, తర్వాత ఎండలో వేసినా నీడలా ఒక మచ్చ మిగిలింది. దాని చుట్టూ గొలుసు కుట్టుతో మూడు వరసల రేకులు వేసి, మధ్యలో ముడికుట్లు దగ్గర దగ్గరగా నింపేశాను. ఆ పువ్వు ఒక్కటే ఒంటరిగా ఉంటే మరకని కప్పినట్టు తెలిసిపోతుందని భుజం దగ్గర ఇంకో చిన్న మొగ్గ కూడా పెట్టాను. పప్పు వడ్డించిన మా అత్తగారే దాన్ని చూసి "ఇలాంటిది నాకూ ఒకటి కుట్టమ్మా" అన్నారు.

చిరుగుకి నేరుగా దాని మీద కుట్టకండి, అంచులు ఇంకా లాగుతాయి. ముందు వెనకవైపు చిన్న నూలు ముక్క పెట్టి, చిరుగు అంచుల్ని సన్నగా కలిపి, ఆ తర్వాత పైన ఆకు. బీరువా గడియకి తగిలి చిరిగిన పొడుగాటి చీలిక అయితే ఆకు కంటే తీగ నయం, గీత ఎలాగూ చిరుగే గీసి ఇచ్చింది.

ఇస్త్రీ కాలి పెళుసుబారిన బట్ట మీద కుట్టు నిలవదు. ఆ ముక్క తీసేసి అతుకు వేయాల్సిందే.

టీషర్ట్ మీద? జీన్స్ మీద?

టీషర్ట్ సాగుతుంది, దారం సాగదు, తగువంతా అక్కడే. వెనక టైలర్లు వాడే పల్చటి పేస్టింగ్ అంటించి కుట్టండి, రింగులో బట్టని సాగదీసి బిగించకండి, కుట్టు మరీ లాగకండి. గొలుసు కుట్టు కొంచెం సాగనిస్తుంది కాబట్టి టీషర్ట్‌కి అదే మేలు.

జీన్స్‌కి రింగే అక్కర్లేదు చాలావరకు. లావు సూది, వేలికి థింబుల్, అదే సూది గుచ్చుకోకుండా వేలికి తొడిగే టోపీ. జేబు మీద కుట్టేముందు జేబులోపల అట్టముక్క పెట్టుకోండి, లేదంటే జేబుని ప్యాంటుకి కలిపి కుట్టేస్తారు. మా అబ్బాయి కాలేజీకి వెళ్ళి బస్ పాస్ పెట్టుకోబోతే తెలిసింది.

తెలుగు అక్షరాలు కుట్టొచ్చా?

కుట్టాలి కూడా. ఇంగ్లీషు పెద్దక్షరాలు చాలావరకు తిన్నటి గీతలే, ఎవరైనా కుడతారు. మన అక్షరాలన్నీ వంపులే, అందుకే కాడ కుట్టుకి సరిగ్గా సరిపోతాయి, కుట్టు మాత్రం బియ్యపుగింజలో సగం పొడవు దాటకూడదు. ముందు అక్షరం ఒళ్ళు కుట్టేసి, తలకట్టుని చివర్లో రెండే కుట్లతో టిక్కు పెట్టినట్టు వేయండి. అంగుళం కంటే చిన్న అక్షరాలు వద్దు, 'ఘ', 'ఝ' లాంటివి ముద్దైపోతాయి. 'స్త్ర' జోలికి వెళ్ళేముందు 'అమ్మ' కుట్టి చూడండి, ఆ 'మ' ఒత్తు దగ్గరే మీకు అన్నీ తెలిసొస్తాయి. పొట్టి మాటలు ఎంచుకోండి. మా ఆయన చొక్కా జేబు లోపలివైపు, బయటికి కనపడకుండా, 'కళ్ళజోడు' అని కుట్టాను, రోజూ అదెక్కడ పెట్టారో అడుగుతుంటే విసుగొచ్చి.

రంగు దిగుతుందా? వాషింగ్ మెషీన్లో వేయొచ్చా?

ముదురు ఎరుపు, మెరూన్, నీలం, నలుపు దారాల్ని వాడేముందు తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. గుడ్డకి రంగంటితే ఆ దారం తెల్లబట్టకి వాడొద్దు. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు ఆగిపోతుందని మనందరికీ నేర్పారు, నేనూ చాలాఏళ్ళు నమ్మాను, ఇప్పుడు నమ్మను, దిగే రంగు ఉప్పుకి ఆగదు. ఒకవేళ దిగిందనుకోండి, బట్ట ఆరకముందే, ఇస్త్రీ పెట్టకముందే చల్లటి నీళ్ళలో వేసి, నీళ్ళు మారుస్తూ రంగు రావడం ఆగేదాకా జాడించండి. ఒకసారి వేడి తగిలిందా, ఇక ఆ గులాబీ మచ్చ మీ బట్టదే.

మెషీన్లో వేయొచ్చు, అందుకే కదా నూలు దారం వాడమన్నది. తిరగేసి, వల సంచిలో పెట్టి, చల్లనీళ్ళలో. బకెట్లో అయితే నానబెట్టి జాడించండి, పిండొద్దు. నీడలో ఆరేయండి. ఇస్త్రీ చేసేటప్పుడు బల్ల మీద మందపాటి టవల్ పరిచి, కుట్టు కిందికి వచ్చేలా బోర్లించి వెనకనుంచి చేయండి, పువ్వు అణిగిపోకుండా ఉబ్బి ఉంటుంది. ఇస్త్రీకి బయట ఇచ్చేవాళ్ళు ఈ మాట చెప్పి ఇవ్వండి, చెప్పినా ఒక్కోసారి అవదు.

అద్దాలు కుట్టడం కష్టమా?

చూసినంత కాదు. అద్దం మీద ముందు నిలువుగా రెండు, అడ్డంగా రెండు దారాలు వేసి పట్టుకునేలా చేసి, ఆ దారాల్ని పట్టుకుని చుట్టూ కాజా కుట్టులాంటిది వేస్తారు. మొదటి నాలుగు దారాలు వదులైతే అద్దం రాలిపోతుంది, రహస్యమంతా అదే. రోజువారీ బట్టకి నేను పెట్టను, మెషీన్లో పగిలితే ఆ ముక్కలు ఎవరు ఏరతారు.

నాకు చత్వారం వచ్చింది, సూదిలో దారం ఎక్కించడమే పెద్ద పని.

నాకూ వచ్చింది. సూదికి దారం ఎక్కించే చిన్న రేకు, లోపల సన్నటి తీగ ఉంటుంది, కొట్లో అడగండి, చాలా చవక. పగటి వెలుతురులో, కుడిచేతివాటమైతే ఎడమవైపు నుంచి వెలుగు పడేలా కూర్చోండి. నలుపు మీద నలుపు, ముదురు నీలం మీద ముదురు ఆకుపచ్చ లాంటి సాహసాలు మానేయండి. అరగంటకోసారి లేచి కిటికీలోంచి దూరంగా చూడండి, మెడ కూడా తిప్పండి. పొద్దున్నే పది సూదులకి దారాలెక్కించి పిన్ను దిండుకి గుచ్చి పెట్టుకునే ఒకావిడ నాకు తెలుసు, అంతకంటే తెలివైన పని నేను చూడలేదు.

టైమ్ ఎక్కడిదండీ?

ఒక లేజీ డేజీ పువ్వుకి పదిహేను నిమిషాలు. సీరియల్ చూస్తూ, కుక్కర్ మూడో విజిల్ కోసం ఆగుతూ, పిల్లల ట్యూషన్ బయట స్కూటీ మీద కూర్చుని. నేను ఒకే బట్ట, ఒకే రింగు, మూడు రంగులు పాత బిస్కెట్ డబ్బాలో వేసి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంటా. డబ్బాని చూసి బిస్కెట్లనుకుని తెరిచి నిరాశపడ్డవాళ్ళు చాలామంది ఉన్నారు.

మగవాళ్ళు కుట్టొచ్చా?

హైదరాబాద్ పాతబస్తీలో జర్దోసీ, అంటే జరీ కుట్టు, పని చేసే ఇళ్ళకి వెళ్ళి చూడండి, ఆ ఫ్రేముల చుట్టూ కూర్చునేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే. సంపాదనకైతే మగపని, సరదాకైతే ఆడపని ఎలా అయిందో నాకైతే అర్థం కాదు.

ఇంత బాగా కుడుతున్నావు, అమ్ముకోవచ్చు కదా?

ఈ ప్రశ్న నన్ను మెచ్చుకోవడానికే అడుగుతారని తెలుసు. కానీ లెక్క వేయండి. మెడ చుట్టూ ఒక తీగ కుడితే నాకు ఇరవై గంటలు. రోజుకి ఎనిమిది గంటల లెక్కన రెండున్నర రోజుల కూలి. దానికి బట్ట, దారం కలిపి ధర చెప్తే, అడిగినవాళ్ళే "అమ్మో, కంప్యూటర్ ఎంబ్రాయిడరీ అయితే ఇందులో పదోవంతుకి వస్తుంది" అంటారు. నిజమే, వస్తుంది.

నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు తరతరాలుగా అరుగుల మీద కూర్చుని క్రోషియా లేసు అల్లుతున్నారు. అది విదేశాలకి ఎగుమతవుతుంది, 2024లో భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, కూడా వచ్చింది. అల్లే చేతులకి మాత్రం పనిలెక్కన వచ్చే కొద్దిపాటి డబ్బే. అది వాళ్ళ బతుకుతెరువు, కాబట్టి లేసు కావాలంటే వాళ్ళ దగ్గర బేరమాడకుండా కొంటాను. నా కుట్టుకి గడువు లేదు, నచ్చకపోతే విప్పేస్తా, పువ్వుకి నీలం ఆకులు పెడతా. ఆర్డర్ ఇచ్చినవాళ్ళు నీలం ఆకులు ఒప్పుకుంటారా?

ఉద్యోగంలా చేయాలనుకునేవాళ్ళు చేయండి, తప్పేమీ లేదు. ముందు ధర చెప్పడం నేర్చుకోండి, కుట్టు తర్వాత.

తప్పు కుట్టాను, విప్పితే బెజ్జాలు కనిపిస్తున్నాయి.

వెనకనుంచి రిప్పర్‌తో, అంటే కుట్లు విప్పే చిన్న పనిముట్టుతో, తెంపి, ముందునుంచి పోగులు ఏరండి. ఆ చోట కాసిని నీళ్ళు చిలకరించి గోటితో నిలువుగా, అడ్డంగా గీకితే నేత మళ్ళీ దగ్గరకొస్తుంది. ఒకే చోట మూడుసార్లు విప్పాల్సి వస్తే ఆ బట్ట మీకేదో చెబుతోంది, డిజైన్ మార్చేయండి.

దీపాలు పెట్టాక సూది పట్టుకోకూడదంటారు కదా?

పొద్దుపోయాక సూది ఎవరికీ ఇవ్వకూడదని మా ఇంట్లోనూ అనేవాళ్ళు, ఇచ్చినా చేతికి ఇవ్వరు, కింద పెడితే తీసుకోవాలి. దీపం వెలుగులో చాప మీద సూది పడితే ఎవరి కాల్లో గుచ్చుకుంటుందో అన్న భయంలోంచే పుట్టి ఉంటుందని నా ఊహ. ఇప్పుడు ట్యూబ్‌లైట్లున్నా నేను సూదులు లెక్కపెట్టకుండా పడుకోను. ఒంటి మీద బట్ట ఉండగా కుట్టకూడదన్నది మాత్రం అక్షరాలా పాటిస్తాను, ఒకసారి పాటించక మెడ వెనక రక్తం వచ్చింది.

ఇంతా కుట్టాక బట్ట చిరిగిపోతే బాధగా ఉండదా?

రోజూ వేసుకునే బట్ట, చిరుగుతుంది. నిమ్మరంగు కుర్తీ రెండేళ్ళకి చంకల దగ్గర పూర్తిగా పోయింది. చామంతి చుట్టూ అంగుళం బట్ట వదిలి కత్తిరించి, అంచులు లోపలికి మడిచి, నా నైటీ జేబు మీద అతుకు వేశాను. ఆ నైటీ కూడా పోయాక మా అమ్మాయి దాన్ని హాస్టల్‌కి పట్టుకెళ్ళే గుడ్డసంచి మీద వేసి ఇవ్వమంది. రేకులు మూడు లేచాయి, వాటి మీద మళ్ళీ గొలుసు కుట్టు వేశాను, పాత పసుపు రంగు నంబరు దొరక్క కొంచెం ముదురుది.